పది సెకన్ల అనుమానం

2022 మార్చి 9 సాయంత్రం మన వాయుసేన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరిపోయింది. హర్యానాలోని సిర్సా వైపు నుంచి లేచి, కొంత దూరం నైరుతిగా వెళ్ళి, అక్కణ్ణుంచి తిరిగి సరిహద్దు దాటి, పాకిస్తాన్ పంజాబ్‌లో మియా చన్నూ అనే ఊరి దగ్గర పడిందని మర్నాడు అక్కడి సైన్యం చెప్పింది. మొత్తం ప్రయాణం ఏడు నిమిషాల లోపే. అందులో మూడు నిమిషాలకు పైగా వాళ్ళ గగనతలంలో, 124 కిలోమీటర్లు. గోడ ఒకటి దెబ్బతింది, మనుషులెవరూ చావలేదు. మార్చి 11న మన రక్షణ శాఖ విచారం తెలిపింది. ఆగస్టులో ముగ్గురు అధికారుల్ని ఉద్యోగాల్లోంచి తీసేశారు.

ఆ వార్త వచ్చినప్పుడు మా వీధి అరుగు మీద అందరూ మనవైపు తప్పెవరిదని మాట్లాడుకున్నారు. నా బుర్ర మాత్రం సరిహద్దు అవతల రాడార్ గదిలో కూర్చున్నవాడి దగ్గరే ఆగిపోయింది. వాడి తెరమీదకి ఒక చుక్క వచ్చింది. ముందుగా చెప్పిన విమానం కాదు. ఏ ప్రయాణికుల విమానానికీ లేనంత వేగం. వస్తున్నది అణ్వాయుధాలున్న పొరుగు దేశం నుంచి. దాని ముక్కులో ఏముందో తెర చెప్పదు. మొదటి నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నామని పాకిస్తాన్ చెప్పుకుంది. చూసింది, తిరిగి కొట్టలేదు.

ఒక్కటే క్షిపణి, దాని వెనక ఇంకోటి లేదు. సరిహద్దు ఇవతల విమానాలేవీ లేవలేదు. ఢిల్లీలో ఎవరూ ఎవర్నీ బెదిరించడం లేదు. యుద్ధం మొదలుపెట్టదలచినవాడు ఒక్కటి వదిలి ఊరుకుంటాడా? ఈ మాత్రం ఆలోచించడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. కాస్త సమయం కావాలి, ఆలోచించేవాడొకడు ఆ కుర్చీలో ఉండాలి. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద సైన్యాలన్నీ పోటీపడి ఆ సమయాన్ని కోసేస్తున్నాయి. ఆ కుర్చీనీ ఖాళీ చేసే పనిలో ఉన్నాయి.

నేను వాయుసేనలో ఆఫీసర్ని కాదు, ఎయిర్‌మన్‌ని. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి ఇంటర్ పాసై చేరాను. పెన్షన్ తీసుకునేదాకా రాడార్ ముందు కూర్చోవడమే నా పని, ఎక్కువ భాగం గుజరాత్, రాజస్థాన్ వైపు. ఆ రోజుల్లో స్కోప్ అంటే చీకటి గదిలో గుండ్రటి తెర. బయట యాంటెన్నా పది సెకన్లకో చుట్టు తిరిగేది. తిరిగినప్పుడల్లా తెరమీద చుక్కలు వెలిగి మెల్లగా ఆరిపోయేవి. ఏ చుక్క విమానమో, ఏది కాదో చెప్పాలి. వినడానికి తేలికే. గుజరాత్ తీరంలో కొన్ని సాయంత్రాలు సముద్రం మీద గాలి పొరలు పొరలుగా పరుచుకుని రాడార్ కిరణాన్ని వంచేస్తుంది. మామూలుగా కనబడకూడనంత దూరంలోని ఓడలు, కొండలు తెరమీదకి వచ్చి కూర్చుంటాయి. దాన్ని ఏనాప్రాప్ అనేవాళ్ళం. చలికాలం కచ్ రణ్ మీదికి వచ్చే కొంగలూ ఫ్లెమింగోలూ గుంపుగా లేస్తే కింద నుంచి హెలికాప్టర్ల దళం వస్తున్నట్టే ఉండేది.

మా వారెంట్ ఆఫీసర్ ఒక మలయాళీ. కొత్త చుక్క కనబడి నేను కంగారుగా నోరు తెరిచేలోపు ‘ఏక్ ఔర్ స్వీప్’ అనేవాడు. ఇంకో చుట్టు తిరగనీ అని. ఆ పది సెకన్లలో చుక్క ఎంత జరిగింది, ఎటు జరిగింది, పక్క యూనిట్ రాడార్‌లోనూ కనబడుతోందా, పౌర విమానాల వాళ్ళ దగ్గర దాని వివరం ఉందా, ఇవన్నీ చూసేవాళ్ళం. చాలా అనుమానాలు రెండు మూడు స్వీపుల్లో వాటంతటవే తేలిపోయేవి. తేలనివాటిని కంట్రోలర్ సార్‌కి చెప్పేవాళ్ళం. ఆయన ఇంకా పైకి చెప్పేవాడు. ప్రతి మెట్టు దగ్గరా ఒక మనిషి ‘నిజమేనా?’ అని అడిగేవాడు. చిరాకనిపించేది. ఆ చిరాకే మా పని అని తర్వాత అర్థమైంది.

స్వతంత్ర ఆయుధం అనగానే చాలామందికి రజనీకాంత్ సినిమాలోని చిట్టి గుర్తొస్తాడు. అంత దూరం పోనక్కర్లేదు. ఒకసారి మీట వేశాక ఎవర్ని కొట్టాలో తనే ఎంచుకుని, మళ్ళీ మనిషిని అడక్కుండా తనే కొట్టేది స్వతంత్ర ఆయుధం. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ దాదాపు ఇలాగే చెబుతుంది. ఆ లెక్కన భూమిలో పాతిపెట్టిన మందుపాతర ఈ కుటుంబంలో పెద్దది. అది తొక్కినవాడి యూనిఫారం చూడదు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత మన సైన్యం సరిహద్దు పొడవునా మందుపాతరలు పాతింది. యుద్ధం రాలేదు. పాతేటప్పుడూ తీసేటప్పుడూ మన జవాన్లే పోయారు. పంజాబ్, రాజస్థాన్ రైతుల కాళ్ళు పోయాయి.

మందుపాతర కదలదు. కదిలేది కావాలంటే ఇజ్రాయెల్ తయారుచేసిన హార్పీ ఉంది. అది నాలాంటివాళ్ళ కోసమే పుట్టింది కాబట్టి దాని గురించి కాస్త మమకారంతోనే తెలుసుకున్నాను. లారీ మీది పెట్టెలోంచి ఎగురుతుంది. చెప్పిన ప్రాంతం మీద గంటల తరబడి చక్కర్లు కొడుతూ రాడార్ తరంగాల కోసం వింటుంది. వినబడగానే ఆ రాడార్ మీద పడి పేలిపోతుంది. పైకి పంపాక ‘ఈ రాడార్‌ని కొట్టనా?’ అని ఎవర్నీ అడగదు. అది వెతికే గుర్తు ఒక్కటే. ఆ రాడార్‌ని ఎవడో తెలివైనవాడు స్కూలు మేడ మీద పెట్టి ఉంటే ఆ సంగతి దానికి పట్టదు. మన దేశం దగ్గర కూడా ఉంది. చైనా 1990ల్లోనే కొనుక్కుంది. అంటే ఈ కథ కృత్రిమ మేధతో మొదలవలేదు. అది వచ్చాక వెతకగలిగే గుర్తుల జాబితా పెరిగింది. ముందు రాడార్ తరంగం, తర్వాత ట్యాంకు ఆకారం, ఇప్పుడు మనిషి నడక, ముఖం.

యంత్రం తనంతట తాను కాల్చే తుపాకులు ఓడల మీద కూడా పాతవే. అమెరికా వాళ్ళ ఫాలాంక్స్ నిమిషానికి వేల గుండ్లు కక్కుతుంది. ఓడ మీదికి వచ్చే క్షిపణిని ఆఖరి క్షణంలో పగలగొట్టడం దాని పని. ఆ క్షణంలో మనిషిని అడిగే తీరిక ఉండదు కాబట్టి ఆటోమేటిక్‌లో పెడతారు. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో మిస్సోరీ అనే యుద్ధనౌక శత్రు క్షిపణిని ఏమార్చడానికి గాలిలోకి రేకుముక్కలు చల్లింది. పక్కనున్న జారెట్ అనే ఓడ మీది ఫాలాంక్స్ ఆ రేకుముక్కల్ని క్షిపణి అనుకుని కాల్చింది. నాలుగు గుండ్లు మిస్సోరీకే తగిలాయి. 1996లో పసిఫిక్ విన్యాసాల్లో అమెరికన్ విమానం ఒకటి వెనక తాడుకి లక్ష్యాన్ని కట్టుకుని లాగుతోంది. జపాన్ నౌక మీది ఫాలాంక్స్ లక్ష్యాన్ని వదిలి విమానాన్నే కూల్చింది. అందులోని ఇద్దరూ దూకి బతికారు కాబట్టి దీన్ని నవ్వుతూ చెప్పుకోవచ్చు.

నవ్వలేనిది పేట్రియాట్ అనే గగన రక్షణ క్షిపణి వ్యవస్థ కథ. నా ట్రేడ్‌లో ఉన్నవాళ్ళందరూ చదవాల్సింది. 2003 మార్చి 23, ఇరాక్ యుద్ధంలో నాలుగో రోజు. బ్రిటిష్ వాయుసేన టోర్నడో ఒకటి పని ముగించుకుని కువైట్‌లోని అలీ అల్ సలేం స్థావరానికి తిరిగి వస్తోంది. కింద అమెరికన్ల పేట్రియాట్ బ్యాటరీ ఉంది. దాని కంప్యూటర్ దిగుతున్న విమానం వేగాన్నీ కోణాన్నీ చూసి, ఇది రాడార్లని వేటాడే క్షిపణి అని తేల్చింది. విమానాలు ‘నేను మీవాణ్ణే’ అని పంపే సంకేతాన్ని ఐ.ఎఫ్.ఎఫ్. అంటాం. టోర్నడో నుంచి అది రాలేదు. బ్యాటరీకి పై కేంద్రంతో సరైన సంబంధం లేదు, పక్క రాడార్ ఏం చూస్తోందో తెలుసుకునే దారీ లేదు. తెర చెబుతున్నది ఒక్కటే: నీ మీదికి క్షిపణి వస్తోంది. నిర్ణయించడానికి ఉన్నది ఒక నిమిషం. కాల్చారు. విమానంలో ఉన్న ఇద్దరూ చనిపోయారు. మర్నాడు అమెరికన్ ఎఫ్-16 పైలట్ ఒకడు తనమీద శత్రు రాడార్ గురిపెట్టిందనుకుని ఒక పేట్రియాట్ రాడార్‌నే పేల్చేశాడు. ఏప్రిల్ 2న పేట్రియాట్ ఇంకోసారి తమ నేవీ విమానాన్నే కూల్చింది. ఆ పైలట్ చనిపోయాడు.

అమెరికా రక్షణ శాఖ సలహా మండలి 2005లో దీన్ని పరిశీలించి చెప్పిన సారం ఇది: ఆ వ్యవస్థను నడిపే పద్ధతి చాలావరకు ఆటోమేటిక్, ఆపరేటర్లకు ఇచ్చిన శిక్షణ సాఫ్ట్‌వేర్‌ని నమ్మమని. ఇక్కడే ఆగి చూడాలి. ఈ రోజుల్లో ఏ దేశాన్నడిగినా ‘భయపడకండి, మా వ్యవస్థలో చివరి మాట మనిషిదే’ అంటుంది. అలీ అల్ సలేం దగ్గర టోర్నడో మీదికి క్షిపణి వదిలిందీ మనుషులే. కానీ వాళ్ళకి యంత్రం చెప్పింది తప్ప వేరే సమాచారం లేదు, ఇంకో స్వీప్ చూసే వ్యవధి లేదు, కాదంటే మెచ్చుకునే పై అధికారి లేడు. అలాంటి మనిషిని అక్కడ కూర్చోబెట్టడం వల్ల ఒకే లాభం ఉంది, తర్వాత తప్పు ఎవరిదంటే చూపించడానికి ఒక పేరు దొరుకుతుంది.

సరే, మనుషులు మాత్రం తప్పు చేయరా? చేస్తారు. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ దాడి మర్నాడు, శ్రీనగర్ పక్కన బడ్గాంలో మన ఎం.ఐ.-17 హెలికాప్టర్‌ని మన స్పైడర్ క్షిపణే కూల్చింది. వాయుసేనవాళ్ళు ఆరుగురు, కింద ఒక పౌరుడు పోయారు. అది మా పెద్ద తప్పు అని తర్వాత వాయుసేనాధిపతే ఒప్పుకున్నారు. 1988 జూలై 3న అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చి 290 మందిని చంపింది. ఆ ఓడ కంప్యూటర్ విమానం పైకి ఎక్కుతోందని సరిగ్గానే చూపించింది. గదిలోని మనుషులు కంగారులో అది దిగుతోందని, తమ మీదికే వస్తోందని చదివారు. యంత్రాల పక్షాన మాట్లాడేవాళ్ళు ఇదే ఎత్తి చూపిస్తారు. యంత్రానికి భయం లేదు, కోపం లేదు, నిద్ర రాదు, పగ తీర్చుకోదు అంటారు. ఇందులో నిజం ఉంది, కొట్టిపారేయను. బడ్గాం రోజున ఆ గదిలో ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఊహించగలను.

కానీ ఒక తేడా ఉంది. బడ్గాంలో తప్పు ఒక గదిలో, ఒక పూట జరిగింది. పక్క స్థావరంలో ఇంకో మనిషి, ఇంకో బుర్ర. ఒకే సాఫ్ట్‌వేర్ పదివేల డ్రోన్లలో ఉంటే, ఒకదానికొచ్చే భ్రమ అదే క్షణంలో పదివేలకీ వస్తుంది. అందులో ఏ ఒక్కటీ పక్కదానివైపు చూసి ‘నీకూ అలాగే కనబడుతోందా?’ అని అడగదు, అడిగినా ఒకే జవాబు వస్తుంది.

ఈ కొత్త యంత్రాలు చూడటం ఎలా నేర్చుకుంటాయో నాకు చెప్పింది మా అన్నయ్య కూతురు శిరీష. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పని. మిరప తోటల మీద డ్రోన్ ఎగరేసి, ఫోటోలు చూసి ఏ తెగులో చెప్పే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. వేల ఫోటోలకు మనుషులు కూర్చుని ‘ఇది ముడత’, ‘ఇది నల్లి’, ‘ఇది మంచి ఆకు’ అని పేర్లు పెడతారు. వాటిని చూసి యంత్రం తనకు తానే కొన్ని పోలికలు పట్టుకుంటుంది. తర్వాత కొత్త ఆకు చూపిస్తే ఒక పేరు, పక్కన ఒక అంకె ఇస్తుంది: ముడత, 0.91.

‘అంటే తొంభై ఒకటి శాతం ముడతేనా?’ అన్నాను.

‘కాదు బాబాయ్. తనకి తెలిసిన పేర్లలో ముడతకి అంత దగ్గరగా ఉందని. మీ గుంటూరు వైపు నల్ల తామరపురుగు కొత్తగా పడ్డప్పుడు చూడాల్సింది. మోడల్‌కి ఆ పురుగు పేరే నేర్పలేదు. అయినా ఎప్పుడూ తెలీదు అనలేదు. ఉన్న పేర్లలోంచే ఒకటి తీసి తొంభై పైన అంకె వేసి ఇచ్చేది.’

‘మరెలా పట్టుకున్నారు?’

‘రైతు ఫోన్ చేసి తిట్టాడు.’

మిరప తోటలో రైతు తిడతాడు. యుద్ధంలో తప్పుగా గుర్తించబడినవాడు ఫోన్ చేసే అవకాశం తక్కువ. పైగా శత్రువు చూస్తూ ఊరుకునే ఆకు కాదు, యంత్రాన్ని మోసం చేయడమే వాడి పని. 2017లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు ఒక ప్లాస్టిక్ తాబేలు బొమ్మని, పెంకు మీది గీతలు కాస్త మార్చి, ఒక మంచి సాఫ్ట్‌వేర్‌కి ఎటునుంచి చూపించినా అది రైఫిల్ అనేలా చేశారు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా ఒకసారి మెరైన్ సైనికులకి పందెం పెట్టింది: మనుషుల్ని గుర్తుపట్టే మా యంత్రానికి దొరక్కుండా దగ్గరికి వచ్చి ముట్టుకోండి అని. ఇద్దరు పల్టీలు కొట్టుకుంటూ వచ్చారు. ఇద్దరు అట్టపెట్టె కింద దూరి నవ్వుకుంటూ వచ్చారు. ఒకడు చెట్టు కొమ్మలు కట్టుకుని వచ్చాడు. ఒక్కడూ దొరకలేదు. నడిచే మనిషిని నేర్పారు కానీ నడిచే అట్టపెట్టెని ఎవరూ నేర్పలేదు.

ఇంకో లెక్క చెబుతాను, ఇది ఊహించి వేసిందే. ఒక ఊళ్ళో 10 లక్షల జనం, వాళ్ళలో 1,000 మంది సాయుధులు అనుకోండి. 99 శాతం సరిగ్గా చెప్పే యంత్రం తెచ్చాం. అది సాయుధుల్లో 990 మందిని పట్టుకుంటుంది, బాగుంది. మిగతా 9,99,000 మంది మామూలు జనంలో ఒక శాతం అంటే 9,990 మందిని కూడా సాయుధులనే అంటుంది. అది వేలు చూపించిన పదకొండు మందిలో పదిమంది అమాయకులు. కంపెనీవాడు అమ్మేటప్పుడు 99 శాతం అని చెబుతాడు, అబద్ధమేం కాదు.

మరి ఇన్ని లోపాలు తెలిసీ సైన్యాలు ఎందుకు పరుగెడుతున్నాయి? యుక్రెయిన్‌ని చూస్తే తెలుస్తుంది. అక్కడ కొన్ని వందల డాలర్ల డ్రోన్, నాలుగు ఫ్యాన్లు, ఒక కెమెరా, కింద కట్టిన పేలుడు పదార్థం, లక్షల డాలర్ల ఖరీదు చేసే ట్యాంకుల్ని పడగొట్టింది. దూరాన కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న సైనికుడు రేడియో మీద నడుపుతాడు. అవతలివాళ్ళు ఆ రేడియోని జామ్ చేయడం మొదలుపెట్టారు. లక్ష్యం దగ్గరికి రాగానే బొమ్మ పోతుంది, డ్రోన్ ఎక్కడో పడిపోతుంది. దానికి ఒక మందు, డ్రోన్ వెనక కిలోమీటర్ల పొడవు ఫైబర్ తీగ కట్టడం. ఇంకో మందు, చివరి కొన్ని వందల మీటర్లు డ్రోన్ తనే చూసుకుని వెళ్ళేలా చిన్న చిప్ పెట్టడం. సైనికుడు లక్ష్యాన్ని చూపిస్తాడు, సిగ్నల్ పోయినా అది వదలదు. ఇక్కడిదాకా నాకు పెద్ద అభ్యంతరం లేదు, ఎంచుకున్నది మనిషే. కానీ జామర్ పరిధి పెరిగితే యంత్రం చూసుకునే దూరం కూడా పెరగాలి. పెరిగి పెరిగి, ఎంచుకోవడమూ దానికే అప్పగించే రోజు వస్తుంది. మనిషిని తీసేద్దామని ఎవరూ సమావేశం పెట్టి నిర్ణయించరు. ఒక్కో అడుగూ అవసరమే అనిపిస్తుంది.

ఆ రోజు అప్పుడే వచ్చి ఉండొచ్చని కూడా ఒక సూచన ఉంది. ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం లిబియా మీద 2021 మార్చిలో ఇచ్చిన నివేదికలో టర్కీ తయారీ కార్గు-2 డ్రోన్ల ప్రస్తావన ఉంది. 2020లో వెనక్కి పారిపోతున్న సైనికుల్ని వాటితో వేటాడారని, ఆపరేటర్‌తో సంబంధం లేకుండానే దాడి చేసేలా వాటిని ప్రోగ్రామ్ చేశారని అందులో రాశారు. అవి ఎవర్నైనా చంపాయని నివేదిక చెప్పలేదు.

గాజా సంగతి ఇంకో రకం. అక్కడ ఆయుధం స్వతంత్రం కాదు, జాబితా స్వతంత్రం. +972 అనే ఇజ్రాయెలీ పత్రిక 2024 ఏప్రిల్‌లో ఆరుగురు నిఘా అధికారుల మాటల ఆధారంగా లావెండర్ అనే వ్యవస్థ గురించి రాసింది. యుద్ధం మొదట్లో అది 37,000 మంది దాకా అనుమానితులుగా గుర్తుపెట్టిందట. సుమారు పది శాతం తప్పులుంటాయని ముందే తెలుసట. ఒక్కో పేరు మీద అధికారి గడిపిన సమయం ఇరవై సెకన్లు, అదీ లక్ష్యం మగవాడేనా అని చూసుకోవడానికి. ఇజ్రాయెల్ సైన్యం దీన్ని ఖండించింది. అది కేవలం సమాచారాన్ని సరిపోల్చుకునే డేటాబేస్ అని, విశ్లేషకులు విడిగా పరిశీలిస్తారని చెప్పింది. ఆ ఇరవై సెకన్ల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా పాత రాడార్ లెక్కలో రెండు స్వీపులు. సముద్రం మీద చుక్క కొంగో కాదో తేల్చుకోవడానికే మాకు అంత పట్టేది.

మనకేం సంబంధం అనుకోవడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో 2018 నుంచి అదానీ, ఎల్బిట్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో హెర్మెస్ డ్రోన్లు తయారవుతున్నాయి. కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్ క్షిపణులు చేస్తుంది. డ్రోన్లను అడ్డుకునే పరికరాలు చేసే జెన్ టెక్నాలజీస్ కూడా హైదరాబాద్‌దే. ఈ పనుల్లో మన పిల్లలే ఉన్నారు, మంచి జీతాలు, గర్వపడే పనే. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు, 8వ తేదీ రాత్రి నుంచి 9 తెల్లవారేలోగా లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్ల పాకిస్తాన్ 300 నుంచి 400 దాకా డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం చెప్పింది. మన గగన రక్షణ వ్యవస్థల్ని పరీక్షించుకోవడం వాటి ఉద్దేశాల్లో ఒకటై ఉండొచ్చని కూడా చెప్పింది. మనం వాళ్ళ గగన రక్షణ రాడార్ల మీద దాడి చేశాం.

నాలుగు వందల చుక్కలు ఒక్కసారి తెరమీదకొస్తే నాలాంటివాడు ఇంకో స్వీప్ అంటూ కూర్చోలేడు. అందుకే ఆకాశ్‌తీర్ లాంటి వ్యవస్థలు వచ్చాయి. అన్ని రాడార్ల బొమ్మల్నీ కలిపి ఒకే చిత్రం చూపిస్తాయి, ఏ తుపాకీకి ఏ చుక్క అని క్షణాల్లో పంచుతాయి. నేను దానికి వ్యతిరేకం కాదు. మన నేల మీదికి మనిషి లేకుండా వచ్చిన యంత్రాన్ని మన యంత్రం కూల్చితే నాకు నిద్రపడుతుంది. నా గీత అక్కడే. యంత్రం మీద యంత్రాన్ని వదలొచ్చు. మనుషులున్నదాని మీద వద్దు. తిరుగుదాడి చేయాలా వద్దా అన్న నిర్ణయంలోకి అసలే వద్దు. మియా చన్నూ రోజున అవతల ఒక సాఫ్ట్‌వేర్ ఉండి, ‘సరిహద్దు దాటిన సూపర్‌సోనిక్ క్షిపణికి జవాబుగా రెండు వదలాలి’ అన్న నియమం దానికిచ్చి ఉంటే, దానికి ప్రతిగా మన సాఫ్ట్‌వేర్‌కి ఇంకో నియమం ఉంటే, ఢిల్లీలో పెద్దవాళ్ళకి విషయం తెలిసేసరికి ఎన్ని ఎగిరి ఉండేవో. లాహోర్ నుంచి అమృత్‌సర్ యాభై కిలోమీటర్లు. అమెరికాకీ చైనాకీ మధ్య ఒక మహాసముద్రం ఉంది, మనకి ఉన్నది ఒక కంచె.

జెనీవాలో ఈ ఆయుధాల మీద 2014 నుంచి మాట్లాడుకుంటున్నారు. 2017లో నిపుణుల బృందం మొదలైనప్పుడు మొదటి అధ్యక్షుడు మన రాయబారి అమన్‌దీప్ సింగ్ గిల్. అక్కడ ఏదైనా అందరూ ఒప్పుకుంటేనే ముందుకెళుతుంది, ఒక్క దేశం అడ్డుపడితే చాలు. 2026లో జరిగే సమీక్ష సదస్సుకి ఆ బృందం తన పని అప్పగించాలి. ఈ నత్తనడక చూసి 2023 డిసెంబరులో ఐరాస సర్వసభ్య సభ విడిగా ఒక తీర్మానం చేసింది. 152 దేశాలు అవునన్నాయి. కాదన్నవి నాలుగు: రష్యా, బెలారస్, మాలి, భారత్. 2024 డిసెంబరులో ఇంకో తీర్మానానికి 166 దేశాలు ఓటేస్తే మనం తటస్థంగా ఉన్నాం.

మన దేశం చెప్పే కారణాలు పూర్తిగా సాకులని అనను. ఈ చర్చకి సరైన చోటు జెనీవాయే అంటుంది. అప్పుడే కట్టుబడే ఒప్పందం చేస్తే ముందుగా ఆయుధం సంపాదించినవాళ్ళు లోపలుండి, వెనకొచ్చినవాళ్ళకి తలుపులు వేస్తారని భయం. 1968 అణ్వస్త్ర ఒప్పందంలో అదే జరిగింది, మనం మర్చిపోలేదు. అయినా చైనా, అమెరికా ముందున్న పందెంలో నియమాలు లేకపోతే నష్టపోయేది మనం కాదా? నియమాలు అసాధ్యమేమీ కాదు. మనుషుల్ని గుడ్డివాళ్ళని చేసే లేజర్ ఆయుధాలని 1995లో, ఇంకా ఏ యుద్ధభూమిలోనూ వ్యాపించకముందే నిషేధించారు. భారత్ కూడా అందులో ఉంది. 2024 నవంబరులో లిమాలో బైడెన్, షీ జిన్‌పింగ్ కలిసినప్పుడు, ఎన్ని గొడవలున్నా, అణ్వాయుధం వాడాలన్న నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

అలాంటి మాట భారత్, పాకిస్తాన్ మధ్య ఎందుకు కుదరదు? ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయబోమని 1988లో రాసుకున్నారు. ఆ కేంద్రాల జాబితాలని 1992 నుంచి ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కార్గిల్ తర్వాత కూడా మానలేదు. బాలిస్టిక్ క్షిపణి పరీక్షల గురించి ముందే చెప్పుకోవాలని 2005లో ఇంకో ఒప్పందం ఉంది. బ్రహ్మోస్ క్రూయిజ్ రకం కాబట్టి దాని కిందికి రాదు. ఆ రెండో ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణుల్ని చేర్చడం, మొదటిదాని పక్కన ‘తిరుగుదాడి నిర్ణయం ఏ యంత్రానికీ ఇవ్వం’ అని ఒక కాగితం రాసుకోవడం, వీటికి జెనీవా దాకా వెళ్ళనక్కర్లేదు.

‘వాళ్ళు సంతకం పెట్టి మాట తప్పితే?’ అంది శిరీష. తప్పొచ్చు. అందుకే ఇంట్లో చేసుకోదగింది కూడా ఒకటుంది. రాడార్ యూనిట్‌లో మాకు లాగ్‌బుక్ ఉండేది. ఎప్పుడు ఏ ట్రాక్ కనబడింది, ఎవరు ఎవరికి చెప్పారు, ఏం తేలింది, అన్నీ టైంతో సహా రాసేవాళ్ళం. యంత్రం లక్ష్యాన్ని సూచించే ప్రతి వ్యవస్థకీ అలాంటిదే ఉండాలి. యంత్రం చెప్పిన టైం, మనిషి జవాబిచ్చిన టైం, అవునా కాదా, కాదంటే ఎందుకు. అసలు లక్ష్యాలు రహస్యంగా ఉంచుకోండి, ఆ మొత్తాలు మాత్రం ఏడాదికోసారి పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికి చూపించండి. సగటున ఎన్ని సెకన్లు ఆలోచించారు, ఎన్నిసార్లు కాదన్నారు. ‘కాదు’ గడిలో ఏడాదంతా సున్నా ఉంటే ఆ యూనిట్‌కి ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి. కాదన్నందుకు ఎవరి ప్రమోషనైనా ఆగిందేమో కూడా చూడాలి.

‘ఆ లాగ్‌ని కూడా సాఫ్ట్‌వేరే నింపేస్తుంది బాబాయ్, ఇప్పుడు ఎవరు రాస్తారు?’ అంది.

చేత్తో రాయమన్నాను, బాల్‌పెన్‌తో, కింద సంతకం పెట్టి.